చిత్రసంగీత మాలికలు – కూర్పరి కర్తవ్యం

పూలు ఏరడం వేరు, మాల గ్రుచ్చడం వేరు. తోటలో పూసిన ప్రతి పువ్వునూ దారానికి ఎక్కించినంత మాత్రాన అది దేవుని మెడకు తగిన దండ కాదు. ఏ పువ్వు ప్రక్కన ఏ పువ్వు ఉండాలో, ఎక్కడ మరువం రావాలో, ఎక్కడ ముడి పడాలో ఎరిగిన చేయి కావాలి. ఒక చలనచిత్రంలోని సంగీతాన్నంతటినీ ముందు పెట్టుకొని, అందులో కొన్ని ఖండాలను ఎంచి, వరుస కుదిర్చి, గంటసేపు వినదగిన మాలికగా కూర్చడం కూడా ఇటువంటి పనియే. చూడటానికి సులువు, చేయబూనితే అడుగడుగునా చిక్కు. ఈ కళ మన దేశంలో ఏ విధంగా పెరిగినదో, ఇందులో శ్రీకాకుళ విజయనగర మండలాల పాలు ఎంతో, ఈ పనికి పూనుకొన్నవాని బాధ్యత ఏమిటో మాకు తెలిసినంతవరకు ఇక్కడ విచారింపదలచినాము.

మాలికా రచన మన ప్రాంతానికి క్రొత్త కాదు. బొబ్బిలి సమీపంలోని అజ్జాడలో 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారు తొంబది రాగాలను ఒకే రచనలో గుదిగ్రుచ్చి ‘దశవిధ రాగ నవతి కుసుమ మంజరి’ని నిర్మించినారు. పేరులోనే పూలగుత్తి ఉన్నది. తొంబది రాగాలను వరుసగా వల్లించడం పాండిత్యమున్న ఎవరికైనా సాధ్యం కావచ్చును. కాని ఒక రాగం చెవిలో ఆరకముందే రెండవ రాగాన్ని తెచ్చి, రెండింటికీ పొత్తు కుదిర్చి, వినేవానికి తెగిన దారం కనబడకుండ చేయడం దాసుగారి ప్రతిభ. ఆయన హరికథ కూడా ఇటువంటిదే. పద్యం, పాట, వచనం, నృత్యం అన్నీ కథ అనే ఒక్క దారం మీద నడిచేవి. దారం తెగితే కథకుడు ఎంత గొప్పగా పాడినా సభ లేచిపోతుంది.

ఆ దాసుగారే 1919లో విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతి మహారాజుగారు సంగీత పాఠశాలను నెలకొల్పినప్పుడు దానికి తొలి అధ్యక్షులైనారు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అదే సంవత్సరం వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షపదవిని చేపట్టినారు. ఈ పాఠశాలకూ చలనచిత్రానికీ ఏమి సంబంధమని శ్రోతలు అడుగవచ్చును. సంబంధం చాల దగ్గరిది. కృష్ణా జిల్లా చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు సంగీత విద్యార్థిగా విజయనగరం చేరి, వారాలు చేసుకొని, మధుకరం ఎత్తుకొని, సాలూరు చినగురువుగారని పేరొందిన పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద విద్య గడించినారు. 1935లో విజయనగరంలోనే జన్మించిన పి. సుశీలగారు ఈ కళాశాల విద్యార్థినియే. 1953లో ‘కన్నతల్లి’ చిత్రంతో, పెండ్యాల నాగేశ్వరరావుగారి సంగీతంలో, ఆమె చిత్రసీమలో అడుగు పెట్టినారు. వీరికి తోడు సాలూరు దగ్గరి శివరామపురంలో 1922లో జన్మించిన సాలూరి రాజేశ్వరరావుగారు ఉన్నారు. తండ్రి సన్యాసిరాజుగారు మార్దంగికులు. బాలుడుగా ఉండగానే గ్రామఫోను రికార్డులకు పాడి, 1935 నాటి ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రంలో కృష్ణుడుగా నటించిన రాజేశ్వరరావుగారు, కలకత్తాలో కొంతకాలముండి వంగదేశపు బాణీని కూడా ఆకళించుకొన్నారు. తెలుగు చిత్రసంగీతాన్ని ఏ మూలనుండి మాలగా గ్రుచ్చబోయినా మన కొండగాలి తగిలిన పూలు రెండో మూడో చేతికి రాక తప్పదు.

ఇక మాలికల చరిత్ర. టాకీ వచ్చిన తొలి దినాలలో చిత్రంలోని పాట వేరు, రికార్డులోని పాట వేరు. నటులు చిత్రీకరణ సమయంలోనే పాడేవారు. ఆ పాటకు ప్రజాదరణ లభిస్తే గ్రామఫోను కంపెనీవారు అదే నటులను తమ స్టూడియోకు పిలిపించి మరల పాడించేవారు. లక్కతో చేసి నిమిషానికి డెబ్బదియెనిమిది చుట్లు తిరిగే ఆ పళ్ళెంలో ఒక ప్రక్కకు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. తెరపై అయిదు నిమిషాలు సాగిన పాట పళ్ళెం మీదికి వచ్చేసరికి ఒక చరణం పోగొట్టుకొనేది. లేదా ఆలాపన పోయేది. లేదా రెండు ప్రక్కలకు చీలి నడుమ సూది మార్చుకొనే విరామం పాలయ్యేది. అనగా చిత్రసంగీతంలో మొదటి కూర్పరి యంత్రమే. ఏది ఉంచాలో ఏది విడువాలో రసజ్ఞుడు కాక పళ్ళెపు వెడల్పు నిర్ణయించినది.

ఒక చిత్రంలోని సంగీతాన్ని సంపుటిగా అమ్మవచ్చునన్న ఊహ అమెరికాలో బొమ్మల చిత్రంతోనే బలపడటం గమనింపదగినది. వాల్ట్ డిస్నీ 1937లో నిర్మించిన ‘స్నో వైట్’ చిత్రపు పాటలను మరుసటి సంవత్సరం చిత్రపు శబ్దపట్టీనుండి తీసి రికార్డుల కట్టగా విడుదల చేసినారు. 1948లో నిమిషానికి ముప్పదిమూడు చుట్లు తిరిగే దీర్ఘవాదన రికార్డు వెలువడినది. ఒక్క ప్రక్కకు ఇరువది నిమిషాలు దాటి సంగీతం పట్టసాగినది. అప్పుడు గాని చిత్రసంగీతాన్ని ఒక వరుసలో, ఒకే బైఠకులో వినిపించే వీలు కలుగలేదు. వీలు కలిగిన క్షణంలోనే ప్రశ్న కూడా పుట్టినది: ఏ వరుసలో?

మన దేశంలో ఈ ప్రశ్నకు సమాధానం వెదకినది ముఖ్యంగా రేడియో. మద్రాసు కేంద్రం 1938లోను, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1వ తేదీనా ప్రారంభమైనవి. 1952 ప్రాంతంలో ఆకాశవాణి సినిమా పాటలకు చోటు కుదించినప్పుడు శ్రోతలు సముద్రం దాటి రేడియో సిలోనును ఆశ్రయించినారు. అక్కడి తెలుగు ప్రసారాలలో మీనాక్షి పొన్నుదొరైగారి కంఠం ఆంధ్రదేశపు ఇంటింటికీ పరిచితమైనది. 1957 అక్టోబరు 3న వివిధభారతి అవతరించి ఆ లోటు తీర్చినది. 1963లో విశాఖపట్టణ కేంద్రం వెలసిన తరువాత ఉత్తరాంధ్ర పల్లెలకు తమ గాలిలో తమ మాట వినబడసాగినది. ఆ కాలంలోనే, ఆ తరువాతనూ, శ్రోతలు మిక్కిలి ఇష్టపడిన కార్యక్రమం ‘సంక్షిప్త శబ్దచిత్రం’. రెండున్నర, మూడు గంటల చిత్రాన్ని సంభాషణలతో, పాటలతో, నేపథ్య సంగీతంతో ఇంచుమించు గంటలోనికి కుదించి వినిపించేవారు. కన్ను లేని చోట చెవితోనే చిత్రాన్ని చూపాలి. ఏ సంభాషణ తరువాత పాట ఎత్తుకోవాలి, ఏ వాద్యధ్వనిని మధ్యలో మెల్లగా అణచివేయాలి, ఎక్కడ వ్యాఖ్యాత గొంతు కలిపి కథ దూకించాలి అన్నది అజ్ఞాతుడైన ఒక కూర్పరి చేతిలో ఉండేది. అతని పేరు ఎవరూ అడుగలేదు. అతడు లేక ఆ గంట నిలువదు.

ఇందులో మా అనుభవమొకటి చెప్పవలసియున్నది. కొంతకాలం క్రిందట మేము కొందరు మిత్రులం కలసి ‘మల్లీశ్వరి’ సంగీతంతో ఒక గంట మాలికను సిద్ధం చేసి, ఊరి గ్రంథాలయంలో వినిపించినాము. బి.ఎన్. రెడ్డిగారి దర్శకత్వంలో వాహినీ సంస్థ 1951 డిసెంబరులో విడుదల చేసిన ఆ చిత్రానికి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు పాటలు రచించినారు. రాజేశ్వరరావుగారు సంగీతం సమకూర్చినారు. వాద్యగోష్ఠి విషయంలో అద్దేపల్లి రామారావుగారు తోడ్పడినారు. భానుమతిగారూ ఘంటసాలగారూ పాడినారు. ఆనాటికి సాలూరు శ్రీకాకుళం జిల్లాలోనిది గనుక ఇది మా జిల్లా చిత్రమేనన్న అభిమానం కూడా మాకు లేకపోలేదు. దొరికిన రికార్డులన్నింటినీ పోగు చేసి, బాగా పేరుపడిన పాటను మొదట, దానికి తరువాతి దానిని పిదప, ఆ క్రమంలో పెట్టినాము. సభ చప్పట్లు కొట్టినది. చివర ఒక వృద్ధ వైణికులు లేచి, “పాటలన్నీ బాగున్నాయి బాబూ, మల్లి ఏదీ?” అని అడిగినారు.

మేము సమాధానం చెప్పలేకపోయినాము. ఇంటికి వచ్చి మరల చిత్రం చూచినాము. వీరాపురపు పిల్లలిద్దరు పెరిగి పెద్దవారై, మారువేషంలో వచ్చిన రాయలవారితో పరిహాసంగా ఆడిన మాట నిజమై, ఇంటిముందు పల్లకి దిగడంతో వారి బ్రతుకు తారుమారవుతుంది. మేము వియోగగీతాన్ని ముందు వినిపించి, బాల్యపు ఉల్లాసగీతాన్ని పిమ్మట వినిపించినాము. పల్లకి రాకముందే ఏడ్చినాము. ఏడ్చిన పిమ్మట గంతులు వేసినాము. వృద్ధుల ప్రశ్న న్యాయమైనదే. మాలలో పూలున్నవి, దారం లేదు.

రెండవసారి కూర్చినప్పుడు కథాక్రమాన్నే పాటించినాము. అప్పుడు ఇంకొక చిక్కు ఎదురైనది. ఒకదాని వెంట ఒకటిగా వచ్చే రెండు పాటలు తెరమీద దూరంగా ఉంటాయి. నడుమ సంభాషణ ఉంటుంది, దృశ్యం ఉంటుంది, నిశ్శబ్దం కూడా ఉంటుంది. దృశ్యాన్ని తీసివేసి పాటలను ప్రక్క ప్రక్కన పెడితే ఒకదాని శ్రుతి మరొకదానిని పొడుస్తుంది. ఒకే నడక రెండుసార్లు వస్తే చెవి విసుగుతుంది. పాటకూ పాటకూ నడుమ ఉండవలసినది నేపథ్య సంగీతమే. కాని అది రికార్డులలో లేదు.

ఇదియే మా విచారంలో అసలు విషయం. ఆ కాలంలో పాటల ధ్వనిముద్రణ ముందుగా జరిగేది. నేపథ్య సంగీతం మాత్రం చిత్రం కూర్పు పూర్తి అయిన పిమ్మట, తెరమీద దృశ్యాన్ని నడిపిస్తూ, వాద్యబృందం దానిని చూచి వాయిస్తూ ఉండగా ముద్రించేవారు. దృశ్యం ఎన్ని అడుగుల ఫిల్మో సంగీతం అంతే. తరువాత దానినీ, మాటలనూ, అడుగుల చప్పుడునూ, వానజల్లునూ కలిపి ఫిల్మ్ అంచున ఒకే శబ్దరేఖగా దింపేవారు. పాలలో నీరు కలిసిన తరువాత వేరుచేయడానికి హంస కావాలి. విడిగా ముద్రించిన సంగీతాన్ని దాచిపెట్టాలన్న శ్రద్ధ నాటి వ్యాపారంలో అరుదు. అందువలన పాట బ్రతికినది. పాటను మోసిన వాద్యసంగీతంలో పెక్కుభాగం సంభాషణల క్రింద చిక్కుకొనిపోయినది. మూల ప్రతులే నశించిన చిత్రాలలో ఆ మాత్రం కూడా దక్కలేదు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ నేడు చూడటానికీ లేదు, వినడానికీ లేదు. పుణెలో జాతీయ చలనచిత్ర భాండారం ఏర్పడినది 1964లో. అప్పటికి టాకీ పుట్టి మూడు దశాబ్దాలు దాటిపోయినవి.

ఇక్కడ జపానువారి పద్ధతిని పోల్చి చూడటం అప్రస్తుతం కాదు. అక్కడ టెలివిజనులో వారం వారం వచ్చే బొమ్మల ధారావాహికలను అనిమే అంటారు. ప్రతి భాగానికీ వాద్యబృందాన్ని పిలిపించే వ్యయానికి ఓర్వలేక, వారు ధారావాహిక ఆరంభంలోనే భయానికొకటి, విరహానికొకటి, యుద్ధానికొకటి, ఉదయానికొకటి చొప్పున అనేక సంగీతఖండాలను ముద్రించి పెట్టుకొనే పద్ధతిని పెంచినారు. ఏ దృశ్యానికి ఏ ఖండం తగునో ఎంచడానికి ప్రత్యేకంగా ఒక నిపుణుడుండేవాడు. పొదుపు కొరకు పుట్టిన ఈ పద్ధతి వలన ఒక మేలు జరిగినది. సంగీతం మాటలతో కలియకముందు విడిగా నిలిచినది. 1974లో ప్రసారమైన ‘అంతరిక్ష యుద్ధనౌక యమాతో’ అనే ధారావాహికకు సంగీతం కూర్చిన మియాగావా హిరోషి, 1977లో ఆ ఖండాలను పెద్ద వాద్యగోష్ఠికి తగినట్లు విస్తరించి ఒక దీర్ఘవాదన రికార్డుగా వెలువరించినారు. బొమ్మలు లేకుండ, మాటలు లేకుండ, కథ ఎరిగినవారికి కథ జ్ఞప్తికి వచ్చేటట్లు, ఎరుగనివారికి సంగీతంగానే రుచించేటట్లు దానిని కూర్చినారు. అటుపిమ్మట అక్కడ ధారావాహికకొక సంగీత సంపుటి వెలువడటం ఆచారమైనది. నేడు మన పట్టణాలలోని యువకులు కూడా ఆ సంగీతాన్ని ఏరి తమకు నచ్చిన వరుసలో మాలికలు కూర్చుకొంటున్నారు. వారిని చూచి మేము ముచ్చటపడినాము. ఇంచుక అసూయపడినాము కూడా. వారికి పూలు విడివిడిగా దొరుకుతున్నవి. మనకు కొమ్మలతో, ముళ్ళతో, ఆకులతో కలిపి దొరుకుతున్నవి.

అయినా చేయదగినది లేకపోలేదు. మూడవసారి మేము చిత్రపు శబ్దపట్టీని ఆసాంతం విని, మాటలు లేని చోటులను గడియారం పెట్టి వ్రాసుకొన్నాము. కొన్ని క్షణాలే ఉన్నవి. కొన్ని అరనిమిషం ఉన్నవి. వాటినే వంతెనలుగా పాటల నడుమ నిలిపినాము. వంతెన దొరకనిచోట సంభాషణనే ఉంచినాము. అదీ కుదరనిచోట నాలుగు క్షణాలు మౌనం విడిచినాము. మౌనం తప్పు కాదని అప్పుడు మాకు తెలిసినది. ఆ మాలికను విన్న వైణికులు ఈసారి ఏమీ అడుగలేదు. మల్లి ఇంటిముందు పల్లకి దిగిన చోట కండ్లద్దాలు తీసి తుడుచుకొన్నారు. మాకు అది చాలును.

కొన్ని చిత్రాలు కూర్పరికి స్వేచ్ఛ ఇవ్వవు. 1963 నాటి ‘లవకుశ’ అటువంటిది. ఘంటసాలగారి సంగీతం, కుశలవుల గొంతులుగా లీలగారూ సుశీలగారూ. అనగా సంగీతం కూర్చినవారు, పాడినవారిలో ఒకరు విజయనగరపు చలువపందిరి క్రింద చదువుకొన్నవారే. అందలి పాటలు, పద్యాలు కథను అలంకరించేవి కావు, కథను చెప్పేవి. బాలురిద్దరూ రామకథను వరుసగా గానం చేస్తూ ఉండగా, శ్రోతకు ప్రియమైనదని ఒక ఘట్టాన్ని ముందుకు తెస్తే రామాయణమే తలక్రిందులవుతుంది. ఇటువంటి చోట కూర్పరి తన కత్తెరను పెట్టెలో పెట్టి, వరుసను కాపాడటమే విద్య.

చివరిది, మిక్కిలి ముఖ్యమైనది, పేర్ల విషయం. 1957లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వంలో వెలువడిన ‘మాయాబజార్’ చిత్రానికి సంగీత దర్శకులు ఘంటసాలగారు. కాని అందులోని కొన్ని పాటలకు వరుసలు ముందుగా కట్టినవారు రాజేశ్వరరావుగారు. ఆయన తప్పుకొన్న పిమ్మట ఘంటసాలగారు ఆ వరుసలకు వాద్యరచన చేసి, తక్కిన సంగీతమంతా సమకూర్చి చిత్రాన్ని పూర్తి చేసినారు. శివరామపురపు బిడ్డ విత్తిన విత్తును విజయనగరపు శిష్యుడు పెంచి పండించినాడన్నమాట. ఇందులో ఒకరికి కీర్తి తగ్గదు, ఒకరికి హెచ్చదు. కాని మాలికకు ముందు పేరు చదివేవాడు ఒక్క పేరే చదివి ఊరుకొంటే రెండవవారి శ్రమ గాలిలో కలిసిపోతుంది. 2010లో ఈ చిత్రానికి రంగులు అద్ది, ధ్వనిని నేటి యంత్రాలకు తగినట్లు సంస్కరించి మరల విడుదల చేసినారు. రంగు వేయడానికి, ధ్వని శుద్ధి చేయడానికి యంత్రం ఉన్నది. ఎవరి వరుస, ఎవరి వాద్యరచన, వేణువు ఎవరిది, వీణ ఎవరిది అని చెప్పగల యంత్రం లేదు. అది మనిషి వ్రాసి ఉంచితేనే మిగులుతుంది.

కనుక ఈ పనికి పూనుకొనే యువమిత్రులకు మా మనవి ఇంతే. చిత్రాన్ని మొదటినుండి తుదివరకు చూడనిదే పాటను ముట్టవద్దు. పేరుపడిన పాటలనే కాక, మాటల క్రింద అణగిపోయిన వాద్యాన్ని కూడా చెవి యొగ్గి వినండి. మీరు తీసివేసినదేమిటో మీ కూర్పు చివర చెప్పండి. తీసివేసినది చెప్పని కూర్పు విన్నవానిని మోసగిస్తుంది. పాడినవారి పేరు, వరుస కట్టినవారి పేరు, వాయించినవారి పేరు తెలిసినంతవరకు చదవండి. మన జిల్లాలలో ఇంకా ఎన్నో ఇండ్ల అటకలమీద పాత రికార్డుల పెట్టెలు దుమ్ము పట్టి ఉన్నవి. వాటి కాగితపు తొడుగులమీద, నడిమి చీటీలమీద ఉన్న పేర్లను ఈ వేసవి సెలవులలో ఒక నోటుపుస్తకంలోనికి ఎత్తి వ్రాయండి. రికార్డు పగిలినా ఆ పుస్తకం ఉంటుంది. రేపు మరొకరు మాల గ్రుచ్చబోయినప్పుడు, ఏ పువ్వు ఏ చెట్టుదో వారికి తెలుస్తుంది.